మా ఇంటి రెండు ఓట్లు

మా అమ్మకు ఓటు ఉండేది. ఇందులో గొప్పేముందని మా మనవరాళ్లు నవ్వుతారు. నవ్వండి తల్లీ, మీకేం తెలుసు. నేను చెప్పేది తాలూకా బోర్డులు ఉన్న రోజుల సంగతి. తన పేరున భూమి ఉండి, దానికి తన పేరునే శిస్తు కట్టేవాళ్లకే అప్పుడు ఓటు. కోవిల్‌పట్టికి తూర్పున ఉన్న మా నల్లరేగడి ఊళ్లో మగవాళ్లలోనే చాలామందికి లేదు. ఆడవాళ్లలో ఇద్దరికే ఉండేది. మొగుడు పోయి ఆస్తి చేతికొచ్చిన ఒక ముసలావిడ, తర్వాత మా అమ్మ. పెళ్లినాడు మా తాత పసుపు కుంకుమల కింద ఒక పత్తిచేను అమ్మ పేరున రాసిచ్చాడు. ఆ చేను పుణ్యమా అని ఆమె పేరు జాబితాకెక్కింది. నాయనది ఒకటి, అమ్మది ఒకటి, మా ఇంటికి రెండు ఓట్లు.

ఆ రెండు ఓట్లూ లేకపోయి ఉంటే ఎంత బాగుండేదో అని నేను అనుకోని ఏడాది లేదు.

బోర్డు ఎన్నిక వచ్చినప్పుడు నాకు పదేళ్లు. తమ్ముడికి ఏడాది నిండి, గోడ పట్టుకుని నడుస్తున్నాడు. పక్క ఊరి పెద్దాయన పోటీకి నిలబడ్డాడు. ఆయన భూస్వామి, మనిషి మంచివాడు. మా ఊరి నీళ్లన్నీ ఉప్పు నీళ్లు. ఎండాకాలం వస్తే మా ఆడవాళ్లు ఆయన తోట బావికి వెళ్లి మంచినీళ్లు తోడుకునేవాళ్లు, ఒక్కనాడూ ఆయన కాదన్నది లేదు. ఆయనే స్వయంగా మా గడపకు వచ్చి ఓటు అడిగితే నాయన మురిసిపోయాడు.

మా వైపు ఓటు అడిగే పద్ధతి ఒకటుండేది. వచ్చినవాళ్లు ఒక ఇత్తడి పళ్లెంలో కర్పూరం వెలిగించి ఇంటి దేవత ముందు పెడతారు. ఇంటి యజమాని ఫలానా వారికే నా ఓటు అని చెప్పి, ఆ మంటను అరచేత్తో ఆర్పాలి. ఆర్పాడంటే సత్యం చేసినట్టే. ఇక ఆ ఇంటికి ఇంకొకరు ఓటుకు రారు. కర్పూరం ఆర్పిన ఇల్లు అని తెలిస్తే ఎదుటి పక్షంవాళ్లు మంచినీళ్లు తాగి, వానల సంగతి మాట్లాడి, లేచిపోతారు.

మా ఇంటి దేవత అమ్మవారు. నాయన ఆ పటం ముందు నిలబడి, "ఈ ఇంటి ఓట్టు రెండూ మీకే. మాట తప్పితే ఆ తల్లే మా ఇంటిని చూసుకోనీ" అని చెప్పి కర్పూరం ఆర్పేశాడు. అమ్మ వంటింటి వాకిట్లో నిలబడి ఉంది. రెండూ అన్నప్పుడు ఆమె తల ఎత్తి చూడటం నాకు గుర్తుంది. నీ ఓటు ఎవరికే అని ఆమెను అడగాలని నాయనకు తోచలేదు. అప్పట్లో ఏ మగాడికీ తోచదులెండి. నాయన చెడ్డవాడు కాదు. ఉప్పు పప్పు ఎంత కావాలో అమ్మను అడిగే మనిషే. ఓటు కూడా ఆమె సొత్తేనని ఆయన బుర్రకెక్కలేదు, అంతే.

పది రోజులు తిరగకుండానే మామ పోటీకి నిలబడ్డాడు. మామ అంటే అమ్మకు సొంత తమ్ముడు. అమ్మకంటే ఆరేళ్లు చిన్న. వాళ్లమ్మ పురిట్లోనే పోతే అమ్మే చంకనేసుకుని పెంచింది. వాళ్ల ఊరు మాకు రెండు కోసులు. కోవిల్‌పట్టిలో హైస్కూలు దాకా చదివాడు, తెల్లచొక్కా, నున్నగా దువ్విన తల. వాళ్ల ఊరివాళ్లంతా కలిసి బలవంతాన నిలబెట్టారు. కబురు చెప్పకుండా నామినేషన్ వేసి, సంతోషం కొద్దీ పరుగున అక్క ఇంటికి వచ్చాడు. చేతిలో కారాసేవు పొట్లం. నాకు ఇంకా ఆ వాసన తెలుసు.

నాయన ముఖం చెల్లక నేల చూశాడు. "నేను కర్పూరం ఆర్పేసినాను మాప్పిళ్లై" అన్నాడు. బావమరిదిని అరవంలో అట్లా పిలిచేవాడు.

మామ చేతిలోని పొట్లం వైపు చూసుకున్నాడు. తర్వాత, "నీ ఓట్టు నీ ఇష్టం బావా. ఆర్పినావు, సరే. అక్క ఓట్టు నువ్వు ఎట్లా ఆర్పితివి? ఆ చేను మా నాయన ఇచ్చింది. ఆ చేనుకు వచ్చిన ఓట్టు అది" అన్నాడు.

"ఇల్లు ఒకటి. ఇంటికి మాట ఒకటే" అన్నాడు నాయన.

మామ వంటింటి వైపు తిరిగాడు. "అక్కా, నువ్వు చెప్పు."

అమ్మ ఏం చెబుతుంది? మా తమ్ముణ్ణి చంకలో ఎత్తుకుని నిలబడి ఉంది. "గంజి తాగిపోరా" అంది. అంతే అంది. మామ గంజి తాగలేదు. పొట్లం నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

ఎన్నిక రోజు కోవిల్‌పట్టి బళ్లో పోలింగు. ఎవరి పక్షానికి వాళ్లు ఎడ్లబండ్లు పంపారు. ఎవరి బండి ఎక్కితే వాళ్లకే ఓటని లోకమంతా చూస్తుంది. నాయన పెద్దాయన బండి ఎక్కాడు. మామ పంపిన బండి కూడా మా వాకిట్లోనే ఆగింది. అమ్మ రెండూ ఎక్కలేదు. బండి కుదుపుకు పసివాడికి కడుపు నొప్పి వస్తుందని సాకు చెప్పి, నన్ను వెంటబెట్టుకుని నాలుగు మైళ్లు నడిచింది. తమ్ముణ్ణి ఒకసారి ఆమె, ఒకసారి నేను ఎత్తుకున్నాం. నాకేమో కాళ్లు లాగుతున్నాయి, బండి వద్దన్నందుకు ఆమె మీద ఒళ్లు మండిపోతోంది. ఆ వయసుకు నా బుద్ధి అంతే.

బడి ముందు మామ నిలబడి ఉన్నాడు. వచ్చేపోయేవాళ్లందరికీ చేతులు జోడిస్తున్నాడు. అమ్మను చూసి చేతులు దించేశాడు. అక్కకు ఎట్లా దణ్ణం పెట్టి అడగాలో తెలియలేదు కాబోలు.

చదువు రానివాళ్లు పేరు చెబితే ఆఫీసరే చీటీ మీద గీత గీసేవాడు. ఆ ఆఫీసరు తిరునల్వేలి నుంచి వచ్చిన ఎవరో, కళ్లజోడు పెట్టుకున్న మనిషి. అమ్మ తెర వెనక్కి వెళ్లింది. తమ్ముణ్ణి ఎత్తుకుని నేను బయటే నిలబడ్డాను. లోపలికి పోయినంత సేపు పట్టలేదు, వచ్చేసింది. ముఖాన చెమట. కొంగుతో తుడుచుకుని, "పద, వాడికి ఆకలవుతాది" అంది.

మామ ఓడిపోయాడు. ఎక్కువ తేడా కూడా లేదు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని ఓట్లు. పెద్ద తేడాతో ఓడిపోయినా బాగుండేది. అప్పుడు ఇల్లిల్లూ తిరిగి ఎవరు వేశారు, ఎవరు వేయలేదు అని మామ పక్షంవాళ్లు లెక్కలు తీసేవాళ్లు కాదు. కర్పూరం ఆర్పిన ఇళ్ల జాబితాలో మా ఇల్లు మొదటిది. సొంత అక్కే వేయలేదట అన్న మాట నాగలాపురం దాకా పాకింది. మామకు తల కొట్టేసినట్టయింది. మళ్లీ మా గడప తొక్కలేదు.

ఆ తర్వాత మూడు నెలలకు, పంగుని నెలలో, మా తమ్ముడికి అమ్మవారు పోసింది. ఊళ్లో ఇంకా ఇద్దరు పిల్లలకు పోసింది, వాళ్లు బతికారు. వీడు పోయాడు. వేపాకుల మీద పడుకోబెట్టిన వాడి ఒళ్లు ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది, ఇంతకంటే రాయలేను. మామకు కబురు పంపారు. రాలేదు. మేనమామ రాకుండానే వాణ్ణి తీసుకెళ్లారు.

అమ్మ ఏడుపు నాకు వింతగా ఉండేది. మిగతా తల్లులు దేవుణ్ణి తిడతారు, నా బిడ్డను తీసుకుపోయావే అని శాపనార్థాలు పెడతారు. అమ్మ దేవుణ్ణి ఒక్క మాట అనలేదు. పటం ముందుకు పోవడమే మానేసింది. దీపం నన్ను పెట్టమనేది.

నేను పెద్దమనిషినైనప్పుడు పచ్చాకులతో గుడిసె కట్టాల్సింది మేనమామ. మావాళ్లలో అది మేనమామ హక్కు, ఇంకొకరు ముట్టుకోరు. మామ రాలేదు. నాయన తరఫు దూరపు వరస మామ ఒకాయన, వత్రాప్ నుంచి వచ్చి కట్టాడు. చుట్టాలంతా వరస కలుపుకుని తెగ మెచ్చుకున్నారు. నేను ఆ గుడిసెలో కూర్చుని పళ్లు కొరుక్కున్నాను. మామను ఎన్ని తిట్లు తిట్టుకున్నానో లెక్కలేదు. ఒక ఎన్నిక కోసం తోడబుట్టినదాన్ని వదిలేసిన మనిషి ఏం మనిషి అని నా కోపం. మామ వాళ్లింటికే నన్ను ఇవ్వాలని చిన్నప్పటి మాట, అదీ అక్కడితో సరి. నన్ను విరుదునగర్‌లో పత్తి వ్యాపారం ఉన్న ఇంటికి ఇచ్చారు. సంబంధం మంచిదే. అయినా అమ్మ పెళ్లిపందిట్లో వాకిలి వైపు చూస్తూనే ఉంది.

విచిత్రమేమిటంటే, నేను కాపురానికి వచ్చిన మూడో ఏటికి మామ కూడా విరుదునగర్ చేరాడు. ఊళ్లో పరువు పోయిందనుకున్నాడో, పత్తి కమీషన్ బాగుందనుకున్నాడో. మాకు నాలుగు వీధుల అవతల ఇల్లు. ఎదురుపడితే మా ఆయనతో మాట్లాడేవాడు. నన్ను చూస్తే చెప్పుల వైపు చూసుకునేవాడు.

ఇంతలో అమ్మకు జబ్బు చేసింది. ఏదీ కడుపులో నిలవదు, మనిషి ఎండిపోయింది. విరుదునగర్‌లో మంచి డాక్టరున్నాడని నేనే పట్టుబట్టి మా ఇంటికి తెచ్చుకున్నాను. నాయన కూడా వచ్చి ఉన్నాడు. ఆయన అప్పటికి బాగా తగ్గిపోయాడు. అమ్మ మంచం పట్టె మీద కూర్చుని, ఆమెకు చెంచాతో గంజి పట్టడమే ఆయన పని. నేను పడతాను నాయనా అంటే ఇచ్చేవాడు కాదు.

ఆ నెల్లోనే మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. మా వార్డుకు మామ నిలబడ్డాడు. ఒక మిట్టమధ్యాహ్నం డప్పు కొట్టుకుంటూ వీధిలో ఆయన పేరు చాటారు. నాయన భోంచేసి వీధి అరుగు మీద కునుకు తీస్తున్నాడు. నేను అమ్మకు తల దువ్వుతూ, "చూడవే నీ తమ్ముడు. అక్క కొడుకు పోతే రాని మనిషికి ఊరి కొళాయిలు ఏం కావాలి? ఈయనకు ఓటు వేసే గాడిద ఎవరో" అని నోరు పారేసుకున్నాను.

అమ్మ నా చేయి పట్టుకుంది. "వాణ్ణి తిట్టొద్దు" అంది.

"తిట్టక పూజ చేస్తానా? నువ్వు మొగుడి మాట నిలబెట్టినావు. అదేమన్నా తప్పా?"

అమ్మ అరుగు వైపు చూసి, గొంతు బాగా తగ్గించింది. "నేను యాడ నిలబెట్టినానే? వాడికే వేసినాను. కళ్లజోడాయన చెవిలో నా తమ్ముడి పేరే చెప్పినాను. నోట్లోనుంచి వాడి పేరు తప్ప ఇంకో పేరు రాలేదు."

నాకు దువ్వెన చేతిలోనే ఉండిపోయింది. మరి మామకు ఎందుకు చెప్పలేదే అన్నాను.

"చెప్తే మీ నాయనకు తెలియదా? చెప్పాలనే ఉన్నాను, కోపం చల్లారినాక. అంతలో పిల్లవాడికి పోసింది." నా చేయి వదిలేసింది. "మాట తప్పితే ఆ తల్లే చూసుకోనీ అన్నాడు కదే మీ నాయన. తప్పింది నేను. చూసుకునింది."

అది కాదే, ఊళ్లో ఇంకో ఇద్దరికి కూడా పోసింది, వాళ్లిళ్లల్లో ఎవరు సత్యం తప్పారు అని నేను వాదించాను, ఏడ్చాను. అమ్మ వినలేదు. అన్నేళ్లుగా కడుపులో పెట్టుకున్నదాన్ని నా మాటలతో నేనేం తీసేయగలను? తమ్ముడు తనను తప్పుగా అనుకుంటున్నాడని తెలిసీ కిమ్మనకుండా ఉంది. నేనైతే ఒక్క రోజు ఉండలేను. నాయనతో అననని ఆమె తల మీద ఒట్టు వేయించుకుంది. నాయనతో అననని మాత్రమే.

నాలుగో రోజు పొద్దున మామ పదిమందితో మా వీధికి వచ్చాడు. ప్రతి గడప ముందు ఆగి చేతులు జోడిస్తున్నాడు. మా గడప ముందు కూడా ఆగాడు. మా ఆయన గోదాముకు వెళ్లాడు. "మీ వీట్టుకారరు ఓట్టు నాకు వేయాలమ్మా" అన్నాడు మా ఆయన్ని ఉద్దేశించి, ఎవరో పరాయిదానితో మాట్లాడినట్టు.

నా కోపమంతా ఆ క్షణంలో ఎక్కడికి పోయిందో. పక్కకు పిలిచి, "మామా, అమ్మ లోపల ఉంది. ఎక్కువ రోజులు ఉండదు. నీకొక మాట చెప్తాను. ఆ రోజు అమ్మ నీకే వేసింది. నీ పేరే చెప్పింది" అన్నాను.

ఆయన నా ముఖం వైపు చాలాసేపు చూశాడు. వెంట ఉన్నవాళ్లను ముందుకు పొమ్మన్నాడు. చెప్పులు విప్పి లోపలికి వచ్చాడు. అయిపోయింది, అమ్మకు తమ్ముడు దొరికాడు అనుకున్నాను. అంత సంతోషం నాకు నా పెళ్లినాడు కూడా లేదు.

నాయన మంచం పట్టె మీద గంజి గిన్నెతో కూర్చుని ఉన్నాడు. ఆయన అక్కడుంటాడన్నది నేను ఆలోచించనే లేదు. రోజూ ఉండే మనిషే, అయినా ఆలోచించలేదు. ఈ ఒక్క తెలివితక్కువతనానికి నన్ను నేను ఇంకా క్షమించుకోలేదు.

మామ మంచం పక్కన గొంతుక్కూర్చున్నాడు. అమ్మ వేళ్లు పట్టుకుని, "అక్కా" అన్నాడు. ఆ పిలుపుకు అమ్మ కళ్లు నిండిపోయాయి. "అక్కా, ఒక్క మాట చెప్పు. ఆనాడు నాకే వేసినావంట. నిజమా?"

నాయన చెంచా గిన్నెలో పెట్టి అమ్మ వైపు చూశాడు. అమ్మ నాయన వైపు చూసింది. నా వైపు చూడలేదు.

"లేదురా" అంది. "మీ బావ ఇచ్చిన మాటకే వేసినాను. ఇంటికి మాట ఒకటే కదా."

మామ అమ్మ వేళ్లు వదల్లేదు, కాని పట్టుకున్నట్టూ లేదు. ఇంకాసేపు అట్లాగే కూర్చుని లేచాడు. గడప దగ్గర నా తల మీద చేయి వేసి, "అమ్మ కోసం అబద్ధం చెప్పినావు పాపా. తప్పులేదు" అన్నాడు. కోపంగా అనలేదు. జాలిగా అన్నాడు. నిజమే మామా అని నేను అరవలేకపోయాను, నాయనకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి.

నాయన గిన్నె కడగడానికి పెరట్లోకి వెళ్లగానే అమ్మ మీద విరుచుకుపడ్డాను. చావబోయే మనిషి మీద. ఎందుకే, ఇంతదూరం వచ్చినవాణ్ణి ఎందుకు పోగొట్టుకున్నావు అని.

"కొడుకును దేవుడు తీసుకున్నాడని మీ నాయన అనుకుంటుండాడు" అంది అమ్మ. "అట్లే అనుకోనీ. పెళ్లామే పోగొట్టిందని తెలిస్తే ఆ మనిషి నాకు గంజి పట్టగలడా?"

ఎన్నిక నాడు తెల్లవారుజామున అమ్మ పోయింది. పుట్టింటి కొత్త కోక కప్పనిదే మావాళ్లలో శవాన్ని ఎత్తరు. మామ కోక తెచ్చాడు, కప్పాడు, పాడె వీధి మలుపు తిరిగేదాకా వచ్చి, పోలింగు దగ్గరికి వెళ్లిపోయాడు. గెలిచాడు. మా ఆయన శ్మశానం నుంచి వచ్చి, స్నానం చేసి, వెళ్లి ఆయనకే ఓటు వేసి వచ్చాడు. నేనే వేయమన్నాను.

పదహారో రోజు కర్మకు మామ వచ్చాడు. కౌన్సిలరు కదా, పందిట్లో అందరూ లేచి నిలబడ్డారు. విస్తళ్లు వేశాక, నాయన నిలబడి నాలుగు మాటలు చెప్పాడు. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మనిషి. "నేను ఆమెను అడగకుండా ఆమె ఓట్టుకు సత్యం చేసినాను. సొంత తమ్ముడు ఎదురుగా నిలబడినా ఆమె నా మాట తప్పలేదు. అట్లాంటిది నాకు పెళ్లామైంది" అన్నాడు. తువ్వాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. ముసలివాళ్లంతా అవునవునన్నారు.

మామ విస్తరి వైపు చూస్తూ తల ఊపాడు. "అవును బావా. నేను అప్పుడు చిన్నవాణ్ణి, కోపం పడినాను. మా అక్క మాట మీద నిలిచిన మనిషి" అన్నాడు.

నాయన సంతోషించాడు. బావమరిది చేయి పట్టుకుని పక్కనే కూర్చోబెట్టుకున్నాడు. ఆమె చేయని పనికి ఆమెను ఇద్దరూ కలిసి మెచ్చుకున్నారు. ఆమె చేసినదాని గురించి తెలిసినదాన్ని నేనొక్కదాన్నే, చారు గిన్నె పట్టుకుని వాళ్ల ముందు నిలబడి ఉన్నాను. నాకు నోరు ఎక్కువని ఊరంతా అంటుంది. మామ విస్తట్లో ఇంకో గరిటె చారు పోసి, పక్క విస్తరికి జరిగాను.